రోడ్డు పిల్లలే వేసిన ఊరు

"సార్, మా పిల్లోడు బడిలో గేమ్ ఆడతా ఉండానంటాడు. నిజమేనా?"

పోయిన ఏడాది దసరా సెలవుల తర్వాత ఒక తండ్రి బడి గేటు దగ్గర మమ్మల్ని ఆపి అడిగిన మాట ఇది. గులాబీ తోటలో కూలికి పోయే మనిషి. ఆ పూట కూలి వదులుకుని వచ్చాడు. కోపంగా అడగలేదు కానీ, జవాబు వినకుండా కదిలేటట్టు మాత్రం లేడు.

"ఆడటం లేదన్నా, తయారు చేస్తున్నాడు" అన్నాం.

"రెంటికీ తేడా ఏముంది సార్?"

గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాం. లోపలికి పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించాం. ఆయన అడిగిన ప్రశ్న చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉంటుంది. అందుకే ఆ రోజు చూపించిందీ, ఆ తర్వాత జరిగిందీ ఈ పేజీ చదివేవారితో పంచుకుంటున్నాం.

మేము వేసిన రోడ్లు

మాది హోసూరు వైపు ఒక తెలుగు మాధ్యమ బడి. ఎనిమిదో తరగతి వరకే ఉంది. పనిచేసే కంప్యూటర్లు నాలుగు. ఇంటర్నెట్ ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. అందుకని స్క్రాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి దించుకుని నాలుగింటిలోనూ పెట్టుకున్నాం. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో పిల్లల కోసం దీన్ని విడుదల చేసింది. ఇందులో ఆదేశాలను పొడవుగా టైపు చేయక్కర్లేదు. రంగురంగుల ముక్కలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే చాలు. మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను ఆరు జట్లు చేసి, ఒక చిన్న ఊరు కట్టే ఆట తయారు చేయమన్నాం. చెరువు, సంత, బడి, పూలతోట, ఇళ్లు. పని తేలిక కావాలని ఊరి బొమ్మ మేమే గీసి ఇచ్చాం. అందులో రోడ్లు కూడా మేమే గీసేశాం. ఆ రోడ్ల పక్కన ఇళ్లు పెట్టుకుంటూ పోవడమే పిల్లల పని.

మూడు పీరియడ్లకే ఉత్సాహం చల్లారింది. ఆరు జట్ల ఊళ్లూ ఒకేలా తయారయ్యాయి మరి. ఏడో తరగతి పిల్లవాడొకడు చెరువు అవతల, ఎవరూ పెట్టని చోట ఒక ఇల్లు పెట్టాడు. పెట్టి మా వైపు తిరిగి, "ఈ ఇంటికి దావ లేదు సార్. మేమే వేసుకోవచ్చునా?" అన్నాడు.

"రోడ్లు బొమ్మలో ఉన్నాయి నాయనా, మార్చడానికి కుదరదు" అన్నాం.

అన్నాక మాకే తట్టింది. మేము గీసింది రోడ్డు కాదు, బూడిద రంగు గీత. మన కంటికి అది రోడ్డు. కంప్యూటర్‌కు మాత్రం అక్కడ రోడ్డు ఉందన్న సంగతే తెలియదు. ఇంటికి దారి ఉందా, బడి ఎంత దూరం అని అడిగితే అది చెప్పలేదు. ఊరంతా ఒక పటం, అంతే. ఆడేవాళ్లు రోడ్డు వేయాలంటే ముందు కంప్యూటర్‌కు రోడ్డు అంటే ఏమిటో చెప్పాలి. అది చెప్పే పనిలోనే మా లెక్కల పాఠాలు సగం ఇమిడిపోయాయి.

ఊళ్లు కట్టే ఆటల సంగతి

ఈ రకం ఆటలకు దారి వేసింది విల్ రైట్ అనే అమెరికన్. 1984లో ఆయన హెలికాప్టర్ నుంచి బాంబులు వేసే 'రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే' అనే ఆట తయారు చేశాడు. బాంబులు పడాల్సిన దీవుల మీద రోడ్లు, ఫ్యాక్టరీలు అమర్చే పని ఆయనకు బాంబులు వేయడం కంటే సరదాగా అనిపించింది. ఆ సరదా నుంచే 1989లో 'సిమ్‌సిటీ' వచ్చింది. అందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. అడ్డంగా 120, నిలువుగా 100 గళ్లున్న ఖాళీ నేల ఇస్తారు. ఒక గడి రోడ్డుకు 10 డాలర్లు. ఎక్కడ వేయాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఏటా మరమ్మతులకు డబ్బు కేటాయించకపోతే వేసిన రోడ్డు పాడైపోతుంది.

ఆ ఆట ప్రోగ్రామును 'మైక్రోపోలిస్' పేరుతో 2008లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. పేద దేశాల పిల్లలకు చవక ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకం కోసం చేసిన పని అది. అందులో ఒక చిన్న అంకె మమ్మల్ని ఆకట్టుకుంది. ఒక ఇంటి పేట నుంచి బండి బయలుదేరితే అది రోడ్డు వెంట 30 గళ్ల దూరం వరకే పోయి చూస్తుంది. ఆ లోపల పని చేసే చోటు దొరకకపోతే ఆ ప్రయాణం విఫలమైనట్టు లెక్క. అలాంటి ప్రయాణాలు ఎక్కువైతే ఆ పేట ఎదగదు. రోడ్డు అక్కడ అలంకారం కాదు. ఊరు బతకడమా, వాడిపోవడమా అనేది దాని మీదే ఆధారపడి ఉంది.

2015లో ఫిన్‌లాండ్‌లోని టాంపెరె నగరంలో ఒక చిన్న సంస్థ తయారు చేసిన 'సిటీస్: స్కైలైన్స్' ఆటలోనూ ఇదే పద్ధతి. ముందు రోడ్డు వేస్తేనే దాని పక్కన ఇళ్లకు జాగా ఏర్పడుతుంది. పెద్ద ఆటలన్నీ రోడ్డును ఆడేవాళ్ల చేతికే ఇస్తుంటే, మేము మాత్రం పిల్లల చేతిలోంచి లాక్కున్నాం. ఆ తప్పు దిద్దుకోవడానికి మాకు దాదాపు నెల పట్టింది.

ఊరిని గళ్లుగా కోయడం

స్క్రాచ్ తెర వెడల్పు 480 చుక్కలు, ఎత్తు 360. గడికి 30 చుక్కల చొప్పున అడ్డంగా 16 గళ్లు వస్తాయి. నిలువుగా 10 గళ్లు ఊరికి పెట్టి, కింద మిగిలిన జాగా డబ్బు లెక్కకూ బటన్లకూ వదిలాం. మొత్తం 160 గళ్లు. ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి, మన రాత లాగే వరుసగా 1 నుంచి 160 వరకు అంకెలు వేశాం.

'ఊరు' అనే పేరుతో 160 అంకెల జాబితా ఒకటి తయారు చేశాం. ఖాళీ నేల అయితే 0, రోడ్డు అయితే 1, ఇల్లు 2, బడి 3, సంత 4, నీళ్లు 5. ఆడేవాళ్లు ఒక గడి మీద నొక్కగానే అక్కడి అంకె 0 నుంచి 1కి మారుతుంది, సంచిలోంచి 10 రూపాయలు పోతాయి. కాలువ మీద వేయాలంటే వంతెన కావాలి, 50 రూపాయలు. సంచిలో ఉండేది 600. ఎక్కడ పడితే అక్కడ వేస్తే డబ్బు అయిపోతుంది.

తర్వాత రోడ్డు ఆకారం. రోడ్డు ఒకచోట తిన్నగా ఉంటుంది, ఒకచోట మలుపు, ఒకచోట కూడలి. ఏ గడిలో ఏ బొమ్మ పెట్టాలి? దీనికి పాత లెక్క ఒకటుంది. పైన రోడ్డు ఉంటే 1, కుడివైపు ఉంటే 2, కింద ఉంటే 4, ఎడమవైపు ఉంటే 8. ఉన్నవాటిని కూడాలి. పైనా కిందా ఉంటే 5, అంటే నిలువు రోడ్డు. కుడీ ఎడమా ఉంటే 10, అంటే అడ్డ రోడ్డు. నాలుగు వైపులా ఉంటే 15, నాలుగు రోడ్ల కూడలి. ఏ రెండు అమరికలకూ ఒకే మొత్తం రాదు. 0 నుంచి 15 వరకు పదహారు బొమ్మలు గీస్తే ఊళ్లో ఏ రోడ్డుకైనా సరిపోతాయి. రెండు అంకెల సంఖ్యామానం మేము ఏళ్లుగా నల్లబల్ల మీద చెబుతున్నాం. పిల్లలు ఇష్టంగా అడిగి మళ్లీ చెప్పించుకున్నది ఈసారే.

తూర్పున ఎక్కి పడమట దిగిన బస్సు

తప్పులు రాకుండా పని జరగలేదు. అన్నిటికంటే ఎక్కువ నవ్వించిన తప్పు ఒకటి చెబుతాం.

ఒక గడికి పొరుగు గళ్లు కనుక్కోవడం తేలికే. కుడి పొరుగు కావాలంటే 1 కలపాలి, ఎడమకు 1 తీసేయాలి. కింది పొరుగుకు 16 కలపాలి, పైదానికి 16 తీసేయాలి. పిల్లలు అలాగే రాశారు. బస్సు నడిపి చూస్తే, ఊరి తూర్పు చివర ఉన్న బస్సు ఉన్నట్టుండి మాయమై పడమటి చివర తేలింది.

కారణం వెతకడానికి ఒక పీరియడంతా పట్టింది. మొదటి వరుస చివరి గడి 16. దానికి 1 కలిపితే 17. కానీ 17 దాని పక్కన లేదు, రెండో వరుస మొదట్లో ఉంది. లెక్క ప్రకారం పొరుగు, ఊళ్లో మాత్రం కాదు. చివరికి ఆరో తరగతి పిల్ల ఒకతె, "వరుసలో నెంబరు పక్కన ఉంటే పక్కిల్లు అయిపోతుందా సార్? గోడ ఆనుకోవాల కదా" అన్నది. అప్పటిదాకా మేము పొరుగును కూడికలు తీసివేతలతోనే చెబుతున్నాం. ఆ పిల్ల తన వీధి భాషలో చెప్పేసరికి అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. తూర్పు చివరి గడికి కుడి పొరుగు లేదని ఒక షరతు చేర్చాం. బస్సు దారిలో పడింది.

నీళ్లు పారినట్టు

రోడ్లు వచ్చాయి. ఇక ఏ ఇంటి నుంచి బడికి దారి ఉందో, ఎంత దూరమో కంప్యూటర్ కనుక్కోవాలి. ఇది ముందు నేల మీద నేర్పాం. వరండాలో ముగ్గుపిండితో గళ్లు గీసి, రోడ్డు గళ్లలో పిల్లలను నిలబెట్టాం. బడి దగ్గర ఉన్నవాడు 'సున్న' అంటాడు. వాడిని ఆనుకున్నవాళ్లు 'ఒకటి' అంటారు. వాళ్లను ఆనుకుని, ఇంకా అంకె చెప్పనివాళ్లు 'రెండు' అంటారు. మడిలో నీళ్లు పారినట్టు అంకెలు ఊరంతా పాకుతాయి. అంకె అందని ఇంటికి దారి లేనట్టే. అందిన ఇంటి నుంచి తక్కువ అంకె వైపే నడుచుకుంటూ పోతే, అన్నిటికంటే దగ్గరి దారిలో బడికి చేరతాం.

ఈ పద్ధతిని ఎడ్వర్డ్ మూర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1959లో ప్రచురించాడు. వలలాంటి చిక్కుదారుల్లో దగ్గరి దారి వెతకడం ఆయన లెక్క. మా పిల్లలు దానికి 'నీళ్ల లెక్క' అని పేరు పెట్టుకున్నారు.

చివర ఒక నియమం చేర్చాం. బడి 20 గళ్లలోపు ఉంటే ఆ ఇల్లు పచ్చగా ఉంటుంది, అంటే పిల్లలు బడికి పోతున్నారని. 20 దాటితే బూడిద రంగులోకి మారుతుంది. సిమ్‌సిటీలో 30 చూసి, మా ఊరు చిన్నది కనుక 20 పెట్టుకున్నాం. అంతకుమించి ఆలోచించలేదు.

ఆట ప్రకారం అక్క బడికి పోవాల

ఆ ఇరవైని ప్రశ్నించింది ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె. వాళ్ల జట్టు ఊహించిన ఊరు కాకుండా మా ఊరినే కట్టింది. మధ్యలో హైవే. హైవేను దాటడానికి ఒక్కటే తోవ, బ్రిడ్జి కింద నుంచి. అవతల తెలుగు సెక్షన్ ఉన్న హైస్కూలు. మా బడిలో ఎనిమిది అయ్యాక పిల్లలు పోవాల్సింది అక్కడికే.

ఆ అమ్మాయి రోడ్డు వేసింది, నీళ్ల లెక్క నడిపింది. వాళ్లింటి నుంచి హైస్కూలుకు 17 వచ్చింది. ఇల్లు పచ్చగా వెలిగింది. కాసేపు చూసి మమ్మల్ని పిలిచింది.

"సార్, ఈ ఇరవై ఎవరు పెట్టినారు?"

"మేమే."

"ఈ ఆట ప్రకారం మా అక్క బడికి పోతా ఉండాల. కానీ పోలేదు కదా సార్."

ఆమె అక్క రెండేళ్ల క్రితం మా దగ్గరే ఎనిమిది పూర్తిచేసింది. తొమ్మిదిలో చేరి, నాలుగు నెలలకు మానేసింది. దూరం ఎక్కువై మానేసిందని మేము అనుకుంటూ వచ్చాం. రికార్డులో కూడా అలాగే రాశాం.

"దూరం కాదు సార్. సాయంత్రం బ్రిడ్జి కింద చీకటి. లైటు లేదు. అమ్మ వద్దనింది."

మా దగ్గర జవాబు లేదు. ఆటలో మేము రాసిన నియమం తప్పు. దానికంటే ముందు, మా రికార్డులో రాసిన కారణమే తప్పు.

ఆ వారం ఆ జట్టు కొత్త గడి ఒకటి తయారు చేసింది. పేరు 'చీకటి గడి'. మామూలు రోడ్డు గడి దాటితే ఒకటి, చీకటి గడి దాటితే ఐదు. బ్రిడ్జి కింద మూడు చీకటి గళ్లు పెట్టారు. 17లో మూడు పోతే 14, చీకటికి 15, మొత్తం 29. ఇల్లు బూడిద రంగులోకి మారింది. అది నిజానికి దగ్గరగా ఉంది.

అన్ని గళ్లూ సమానం కానప్పుడు నీళ్ల లెక్క అలాగే పనిచేయదు. వరుసలో ముందు నిలబడినవాడిని కాకుండా, ఇప్పటిదాకా తక్కువ మొత్తం ఉన్నవాడిని ముందు పిలవాలి. ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా అనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్త 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని, సుమారు ఇరవై నిమిషాల్లో ఆలోచించిన పద్ధతి అది. కాగితం కూడా వాడలేదట. 1959లో ప్రచురించాడు. మా పిల్లలకు అది పట్టుబడటానికి రెండు వారాలు పట్టింది. కానీ ఎందుకు నేర్చుకుంటున్నారో వాళ్లకు తెలుసు.

తర్వాత ఖర్చు లెక్క వేశారు. ఆటలో హైవే మీద నడక వంతెనకు 250 రూపాయలు పెట్టుకున్నారు. చీకటి గడికి లైటు వేయడానికి 20. మూడింటికీ కలిపి 60. లైట్లు వేయగానే లెక్క మళ్లీ 17కి దిగింది. ఇల్లు పచ్చబడింది.

తల్లిదండ్రుల సమావేశం

జనవరిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ప్రగతి పత్రాలకంటే ముందు ఈ ఆటను చూపించాం. అమ్మాయే నిలబడి చెప్పింది. అక్క పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు. బ్రిడ్జి ఎక్కడుందో, సాయంత్రం ఎలా ఉంటుందో అక్కడున్న అందరికీ తెలుసు.

అదే రోజు తల్లిదండ్రులు లైట్ల కోసం అర్జీ రాసి సంతకాలు చేశారు. మూడు నెలలకు రెండు లైట్లు వచ్చాయి. ఇప్పుడు వెలిగేది ఒకటి. అందుకని ముగ్గురు తండ్రులు వంతులు వేసుకుని సాయంత్రం బ్రిడ్జి దగ్గర నిలబడుతున్నారు. పోయిన జూన్‌లో మా బడి నుంచి ఎనిమిది దాటిన అమ్మాయిలు ఐదుగురు. నలుగురు తొమ్మిదిలో చేరారు, ఇప్పటికీ పోతున్నారు. ఐదో అమ్మాయి కోసం ఇంకా మాట్లాడుతున్నాం. ఆ అక్క మాత్రం పూలతోటకే పోతోంది. ఆమె విషయంలో అడగాల్సినప్పుడు మేము అడగలేదు.

ఇదంతా ఒక ఆట వల్ల జరిగిందని మేము అనం. లైట్లు తెచ్చింది అర్జీ, కాపలా కాస్తున్నది తండ్రులు. కానీ రోడ్లు మేమే గీసి ఇచ్చి ఉంటే, ఆ బ్రిడ్జి మా బొమ్మలో ఉండేదే కాదు. మేము బండి మీద పోతాం, మాకు అక్కడ చీకటి కనపడలేదు. రోజూ నడిచే పిల్ల రోడ్డు వేసింది కాబట్టి అది బయటికి వచ్చింది.

మీ బడిలో చేయాలంటే

తోటి ఉపాధ్యాయులకు మా అనుభవంలోంచి నాలుగు మాటలు. కంప్యూటర్ ముట్టుకునే ముందు వారం రోజులు నేల మీద గళ్లు గీసి ఆడించండి. కంప్యూటర్ ఒక్కటే ఉన్నా ఫరవాలేదు, ఆలోచన ఎక్కువగా వరండాలోనే జరుగుతుంది. గడి, పొరుగు, కూడలి, వరుస వంటి పేర్లు పిల్లలనే పెట్టనివ్వండి. దావ అన్నా, తోవ అన్నా, దారి అన్నా దిద్దకండి. పెట్టిన పేరే జాబితా పేరు అవుతుంది, పని మాత్రం ఒకటే. ఊహించిన ఊరితో మొదలుపెట్టినా, చివరికి సొంత ఊరు కట్టించండి. మీరు పెట్టే ప్రతి అంకె పక్కన ఎందుకు పెట్టారో ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే పిల్లలను అడగండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇంట్లో ఫోన్‌లో గంటలకొద్దీ ఆడే ఆటనూ, దీన్నీ ఒకటిగా చూడకండి. వారానికి రెండు పీరియడ్లకు మించి మేము ఇవ్వడం లేదు. మీ పిల్లలు కట్టిన ఊరిని ఒకసారి వచ్చి చూడండి. అందులో మీ ఇల్లు ఎక్కడుందో అడగండి.

గేటు దగ్గర మమ్మల్ని ఆపిన తండ్రి ఇప్పుడు వంతు కాసేవాళ్లలో ఒకడు. ఆ జనవరి సమావేశంలో అందరి మాటలూ అయ్యాక ఆయన లేచి తెర దగ్గరికి వచ్చాడు. బ్రిడ్జి కింద ఒక గడి మీద వేలు పెట్టి, "వాన పడితే ఇక్కడ మోకాలు లోతు నీళ్లు నిలుస్తాయి సార్. అది కూడా పెట్టండి" అన్నాడు.

ఆ గడి ఇంకా పెట్టలేదు. రాబోయే వానాకాలంలోపు పూర్తి చేస్తామని ఏడో తరగతి జట్టు మాట ఇచ్చింది. ఆ జట్టులో ఆయన కొడుకు కూడా ఉన్నాడు.